ఒక పాపిరస్ ముక్కకు వయసు కట్టిన వైనం

(గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. తెర మీద మీకు కనిపిస్తున్నది ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరంలో, జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో ఉన్న ఒక పాపిరస్ ముక్క. పాపిరస్ అంటే ఈజిప్టులో పెరిగే ఒక నీటిమొక్క కాడలతో చేసిన పాతకాలపు రాత కాగితం. బొమ్మను బాగా పెద్దది చేసి చూపిస్తున్నాను కాబట్టి దాని పరిమాణం గురించి పొరపడకండి. అసలు ముక్క పొడవు 9 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు 6 సెంటీమీటర్లు. రెండు వైపులా గ్రీకు అక్షరాలు, ఒక్కో వైపు ఏడేసి పంక్తులు, అవి కూడా పూర్తివి కావు. గ్రంథాలయం వారి జాబితాలో దీని సంఖ్య గ్రీకు పాపిరస్ 457. కొత్త నిబంధన పరిశోధకులు పెట్టుకున్న వరుసలో ఇది పి 52. యోహాను సువార్త 18వ అధ్యాయంలోని కొన్ని మాటలు ఇందులో ఉన్నాయి. కొత్త నిబంధనకు సంబంధించి మనకు దొరికిన అతి పాత రాతప్రతి ఇదేనని చాలా పుస్తకాల్లో చదివి ఉంటారు. పక్కనే 'క్రీ.శ. 125' అన్న అంకె కూడా చూసి ఉంటారు. ఈ రోజు నేను మాట్లాడబోయేది ముఖ్యంగా ఆ అంకె గురించే. అది ఎక్కడ పుట్టింది, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నది నా విషయం.

ముందు అందులో ఏముందో చూద్దాం. ఒక వైపున ఉన్నది 31 నుంచి 33 వరకు వచనాల భాగం. యేసును పిలాతు దగ్గరికి తీసుకువచ్చారు. మీరే తీసుకుపోయి మీ ధర్మశాస్త్రం ప్రకారం తీర్పు తీర్చుకోండని రోమన్ అధికారి అంటాడు. ఎవరికీ మరణశిక్ష వేసే అధికారం మాకు లేదని యూదులు జవాబిస్తారు. పిలాతు మళ్లీ అధికార మందిరంలోకి వెళ్లి, యేసును పిలిపించి, నువ్వు యూదుల రాజువా అని అడుగుతాడు. ముక్కను తిప్పితే 37, 38 వచనాలు. సత్యానికి సాక్ష్యం చెప్పడానికే పుట్టానని యేసు అంటాడు. సత్యం అంటే ఏమిటి అని పిలాతు అడుగుతాడు, జవాబు కోసం ఆగకుండా బయటికి వెళ్లిపోతాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఈ ముక్క గురించి మాట్లాడే ప్రతివారూ పిలాతు వేసిన ఆ ప్రసిద్ధమైన ప్రశ్న ఇందులో ఉందని మురిసిపోతారు. నిజానికి ఆ ప్రశ్న చిరిగిపోయిన భాగంలో ఉంది. ఈ వైపున మనకు మిగిలింది పంక్తుల చివరి భాగాలు మాత్రమే. 'అతనితో అన్నాడు' అన్న మాటలు ఒక పంక్తి చివర ఉన్నాయి, 'ఇలా' అని మొదలయ్యే తరువాతి వాక్యం దాని కింది పంక్తి చివర ఉంది. మధ్యలో రావలసిన ప్రశ్న పాపిరస్‌తో పాటే పోయింది. సత్యం అన్న పదం మటుకు మిగిలింది, అది అంతకుముందు యేసు చెప్పిన వాక్యంలోది. అలాగే యేసు అన్న పేరు కూడా ఈ ముక్కలో ఎక్కడా మిగలలేదు. తొలి క్రైస్తవ లేఖకులు ఆ పేరును మొదటి, చివరి అక్షరాలతో కుదించి, పైన గీత గీసి రాసేవారు. ఈ లేఖకుడు అలా కుదించాడా, పూర్తిగా రాశాడా అని పండితులు పోయిన భాగంలో ఎన్ని అక్షరాలు పట్టేవో లెక్కకట్టి వాదించుకున్నారు. లేని అక్షరాల గురించి ఇంత తగాదా మరే రంగంలోనూ ఉండదేమో! (నవ్వులు)

ఆ లెక్కలను తేలిగ్గా కొట్టిపారేయకండి. ఈ ముక్క నుంచి మనకు దక్కిన గట్టి ఫలితాలన్నీ అలాంటి లెక్కల్లోంచే వచ్చాయి. ఒక వైపు 33వ వచనం దగ్గర ఆగిపోయింది, రెండో వైపు 37వ వచనంతో మొదలైంది. రెంటికీ మధ్య ఉన్న పాఠం మనకు తెలుసు. ఒక పంక్తికి సగటున ఎన్ని అక్షరాలో ముక్కను బట్టి తెలుస్తుంది. లెక్క వేస్తే పేజీకి 18 పంక్తులు వస్తాయి. అంటే పేజీ సుమారు 21 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉండి ఉండాలి. యోహాను సువార్త మొత్తానికి ఇలాంటివి 130 పేజీల దాకా పడతాయి. పాఠం ఒక వైపు నుంచి రెండో వైపుకు వరుసగా సాగింది కాబట్టి ఇది చుట్ట కాదు, మడతపెట్టి కుట్టిన పుస్తకం. గ్రీకు, రోమన్ పండితులు కావ్యాలనూ తత్వశాస్త్రాన్నీ చుట్టల మీదే చదువుకునే కాలంలో క్రైస్తవులు పుస్తకరూపాన్ని ఎంచుకున్నారు. ఎందుకన్నది పెద్ద చర్చ, దాని జోలికి ఈ రోజు వెళ్లను. ఎంచుకున్నారన్నది నిజం, అందుకు సాక్ష్యం ఇది.

ఇదే లెక్కలో ఇంకొకటి కూడా తేలింది. 'ఇందుకోసమే పుట్టాను, ఇందుకోసమే లోకంలోకి వచ్చాను' అని మనం చదివే వాక్యంలో రెండో 'ఇందుకోసమే'కు ఈ పేజీలో చోటు చాలదు. లేఖకుడు దాన్ని దాటేసినట్టుంది. వర్ణక్రమం కూడా అక్కడక్కడ చెవికి వినిపించినట్టు రాశాడు. మిగతాదంతా తరువాతి కాలపు ప్రతుల్లో మనం చదివే పాఠమే.

ఇప్పుడు ఈ ముక్క మాంచెస్టర్‌కు ఎలా చేరిందో చెబుతాను. జాన్ రైలాండ్స్ నూలు బట్టల వ్యాపారి, మాంచెస్టర్‌లోని పెద్ద ధనవంతుల్లో ఒకడు. ఆయన చనిపోయాక భార్య ఎన్రికెటా ఆ డబ్బుతో భర్త పేరు మీద గ్రంథాలయం కట్టించింది. ఆమె క్యూబాలోని హవానాలో పుట్టిన మనిషి. 1900 జనవరి 1న అది పాఠకులకు తెరుచుకుంది. స్వదేశీ ఉద్యమకాలంలో మనవాళ్లు వీధుల్లో పోగేసి తగలబెట్టిన సీమ బట్టల్లో ఎక్కువ భాగం ఆ మాంచెస్టర్ ప్రాంతపు మిల్లులవే. ఆ బట్టల లాభాలతోనే అక్కడ ఇంత చక్కని గ్రంథాలయం వెలిసింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు రెండు రకాలుగా అనిపిస్తుంది. సరే, అది పక్కన పెడదాం.

పాపిరస్ చరిత్రలో ఇద్దరి పేర్లు ఎప్పుడూ జంటగానే వినిపిస్తాయి, బెర్నార్డ్ గ్రెన్‌ఫెల్, ఆర్థర్ హంట్. ఆక్స్‌ఫర్డ్‌లో కలిసి చదువుకున్న మిత్రులు. ఈజిప్టులో నైలు వరద చేరని ఎడారి అంచుల్లో వాన పడదు కాబట్టి పాపిరస్ రెండు వేల ఏళ్లయినా కుళ్లదు. వీళ్లిద్దరూ 1896 చలికాలం నుంచి ఆక్సిరింకస్ అన్న పాత పట్టణపు చెత్తదిబ్బలు తవ్వారు. లక్షల సంఖ్యలో ముక్కలు దొరికాయి. పన్ను రసీదులు, ప్రేమ మంత్రాలు, హోమర్ పద్యాలు, పెళ్లి ఒప్పందాలు, సువార్తలు, అన్నీ ఒకే దిబ్బలో. 1899–1900 చలికాలంలో టెబ్టునిస్ అన్న చోట తవ్వుతుంటే మనుషుల సమాధులకు బదులు వరుసగా మొసళ్ల మమ్మీలు బయటపడ్డాయట. విసుగెత్తిన ఒక కూలీ ఒక మొసలిని నేలకేసి కొడితే అది పగిలి, లోపల చుట్టిపెట్టిన పాపిరస్ కాగితాలు కనిపించాయి. మన పురావస్తు శాఖ వారు వింటే గుండె ఆగుతుంది కానీ, ఆ విసురు వల్ల ఒక పెద్ద పత్రాల భాండారమే చేతికొచ్చింది.

మన ముక్క మాత్రం తవ్వకంలో దొరికింది కాదు. 1920లో గ్రెన్‌ఫెల్ ఈజిప్టులో పాత వస్తువుల వ్యాపారుల దగ్గర కొన్న ఒక మూటలో వచ్చింది. ఇదే మనకు పెద్ద నష్టం. ఆయన స్వయంగా తవ్వి తీసి ఉంటే ఏ పొరలో దొరికింది, పక్కన ఏ రసీదు ఉంది, ఆ రసీదు మీద ఏ చక్రవర్తి పాలన సంవత్సరం ఉంది అని చూసి కాలం తేల్చే వీలుండేది. వ్యాపారి చేతి మీదుగా వస్తే ఆ వివరాలన్నీ అక్కడే తెగిపోతాయి. ఆక్సిరింకస్ కావచ్చు, ఈజిప్టులోనే ఉన్న ఫయ్యూమ్ ప్రాంతం కావచ్చు అన్నంత వరకే మనకు తెలుసు. అప్పటికే గ్రెన్‌ఫెల్ ఆరోగ్యం చెడింది, 1926లో ఆయన పోయారు. 1934లో హంట్ కూడా పోయారు. ఆ ఏడాదే కాలిన్ రాబర్ట్స్ అనే పాతికేళ్ల ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు రైలాండ్స్ వారి పాపిరస్ ముక్కలను వేరుచేస్తూ ఈ ఏడు పంక్తులను గుర్తుపట్టారు. అంటే పధ్నాలుగేళ్లపాటు ఇది ఇతర ముక్కల మధ్య ఎవరికీ పట్టకుండా పడి ఉంది. 1935లో చిన్న పుస్తకంగా దాన్ని ప్రచురించారు.

రాబర్ట్స్ దీని కాలాన్ని ఎలా తేల్చారు? ముక్క మీద తేదీ లేదు. సాహిత్య గ్రంథాల మీద ఆ రోజుల్లో ఎవరూ తేదీ వేసేవారు కాదు. మిగిలిన దారి ఒక్కటే, అక్షరాల తీరు. శాసనాల గురించి చదివిన మీకు ఇది కొత్త విషయం కాదు. కడప జిల్లా కలమళ్ల శాసనాన్ని మనం తొలి తెలుగు శాసనంగా చెప్పుకుంటూ 575 అంటాం కదా. అందులో ఎవరూ ఆ సంవత్సరాన్ని చెక్కలేదు. లిపి తీరును, రేనాటి చోళుల చరిత్రను కలిపి చూసి వేసిన అంచనా అది. కానీ పాఠ్యపుస్తకంలోకి ఎక్కేసరికి 'సుమారు' అన్న మాట రాలిపోతుంది, 575 ఒంటరిగా నిలబడుతుంది. ఈ పాపిరస్ విషయంలో జరిగింది కూడా అచ్చంగా ఇదే.

రాబర్ట్స్ తన ముక్కలోని అక్షరాలను ఇతర పత్రాలతో పోల్చారు. వాటిలో తేదీ ఉన్నవి కొన్ని, లేనివి కొన్ని. తేదీ ఉన్నవాటిలో నాకు బాగా నచ్చినది ఫయ్యూమ్‌లో దొరికిన ఒక ఉత్తరం, క్రీ.శ. 94లో రాసినది. లూసియస్ బెల్లియెనస్ గెమెల్లస్ అనే ఒక భూస్వామి తన దగ్గర పనిచేసే ఎపగాథస్‌కు పంపాడు. ఆ ఉత్తరంలో వేదాంతం ఏమీ లేదు. నా ఉత్తరం అందగానే అక్కడి పెంటను కుప్ప వేయించు, నూనె గానుగ చుట్టూ లోపలా బయటా లోతుగా కందకం తవ్వించు, ఎవరుపడితే వాళ్లు గానుగలోకి సులువుగా నడిచి రాకుండా చూడు. ఇదీ ఆయన గొడవ! (నవ్వులు) ప్రపంచంలో ఎక్కువమంది చదివే గ్రంథాల్లో ఒకదాని అతి పాత ముక్కకు కాలం తేల్చడంలో పెంటకుప్ప గురించిన ఉత్తరం సాక్షిగా నిలిచింది. ఎపగాథస్ ఆ కందకం తవ్వించాడో లేదో మనకు తెలియదు.

రాబర్ట్స్ తన అంచనాను ఫ్రెడరిక్ కెన్యన్, హెరాల్డ్ ఇడ్రిస్ బెల్, బెర్లిన్‌లోని విల్హెల్మ్ షూబార్ట్ వంటి పెద్దలకు చూపించారు. వారూ సరే అన్నారు. ఆయన తేల్చిందేమిటంటే, బహుశా రెండో శతాబ్దం మొదటి సగం. మొదటి సగం అంటే యాభై ఏళ్ల నిడివి, అందులోనూ 'బహుశా' ఉంది. జర్మన్ పండితుడు అడాల్ఫ్ డైస్‌మన్ మాత్రం ఉత్సాహంగా హేడ్రియన్ చక్రవర్తి (క్రీ.శ. 117–138) కాలమే అన్నారు, అంతకుముందున్న ట్రాజన్ (98–117) కాలం కావడానికి కూడా అవకాశం ఉందన్నారు. తరువాత ఎవరో యాభై ఏళ్ల నిడివిలో సగానికి గీత గీశారు, 125 వచ్చింది. 'బహుశా' రాలిపోయింది.

ఆ ఉత్సాహానికి ఒక కారణం ఉంది. 19వ శతాబ్దంలో జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఫెర్డినాండ్ క్రిస్టియన్ బావర్ అనే పండితుడు యోహాను సువార్త రెండో శతాబ్దపు రెండో సగంలో రాసినదని వాదించారు. యేసు కాలానికి వందేళ్లకు పైగా దూరమన్నమాట. ఆ వాదం విశ్వాసులను చాలా కాలం బాధపెట్టింది. ఇప్పుడు ఈజిప్టు ఇసుకలోంచి ఒక ముక్క వచ్చి బావర్ నోరు మూయించిందని సంబరపడ్డారు. నా మటుకు బావర్ వాదం ఇతర కారణాల వల్ల కూడా నిలవదు. కానీ ఒక ముక్క వయసు ఎంత ఉంటే మన పక్షానికి మేలు అని ముందే తెలిసిపోయాక, ఆ వయసును నిష్పక్షపాతంగా కొలవడం మాత్రం కష్టం. విశ్వాసులకు అది పాతది కావాలి. ఎదుటి పక్షం వారికి కొత్తది కావాలి. పాపం ముక్క ఏమీ అనదు.

లిపిని బట్టి కాలం తేల్చడంలో ఉన్న చిక్కు ఇప్పుడు చెబుతాను. రాబర్ట్స్ పోల్చి చూసిన వాటిలో చాలా దగ్గరి పోలిక ఉన్నది ఎగర్టన్ పాపిరస్ అనే మరో సువార్త ముక్క. బ్రిటిష్ మ్యూజియం అప్పుడే కొన్నది, అదీ 1935లోనే అచ్చయింది. దానికీ తేదీ లేదు. దాన్ని రెండో శతాబ్దం మధ్యలోకి వేశారు, ఇది దానిలా ఉంది కాబట్టి ఇదీ అక్కడే అన్నారు. 1987లో జర్మనీలోని కొలోన్ నుంచి అదే ఎగర్టన్ ప్రతికి చెందిన ఇంకో చిన్న ముక్క బయటికి వచ్చింది. అందులో రెండు హల్లుల మధ్య కొమ్ములాంటి ఒక చిన్న గుర్తు కనిపించింది. ఆ గుర్తు వాడుక మూడో శతాబ్దంలోనే విరివి అయిందని పాపిరస్ పండితుడు ఎరిక్ టర్నర్ అంతకుముందే రాసి ఉన్నారు. దాంతో ఎగర్టన్ ప్రతి కాలం 200 చుట్టుపక్కలకు జరిగింది. దాని చెయ్యి పట్టుకుని నిలబడ్డ మన ముక్క సంగతి?

ఇలాంటి గుర్తుల బలమూ బలహీనతా మనకు అరసున్న వల్ల బాగా తెలుసు. ఒక తెలుగు పుస్తకంలో పేజీ పేజీకి అరసున్నలూ బండి ఱలూ ఉంటే అది పాత అచ్చు అనుకుంటాం. చాలాసార్లు ఆ ఊహ సరైనదే. కానీ పట్టుదల ఉన్న పండితుడు అందరూ మానేసిన ఎన్నో ఏళ్ల తరువాత కూడా అరసున్న పెట్టే రాశాడు. రాత నేర్చుకున్న వయసులో అలవాటైన తీరు ముసలితనం దాకా పోదు. క్రీ.శ. 110లో రాత నేర్చుకున్న లేఖకుడు 150లో కూడా అలాగే రాస్తాడు. ఆయన దగ్గర నేర్చుకున్న శిష్యుడు ఇంకొన్నాళ్లు. అందుకని లిపిని చూసి పాతికేళ్ల లోపు కాలం చెప్పేవారిని నేను జ్యోతిష్కుల జాబితాలో వేస్తాను.

2005లో బ్రెంట్ నోంగ్‌బ్రి అనే యువ పరిశోధకుడు ఈ విషయం మీద హార్వర్డ్ వారి పత్రికలో గట్టి వ్యాసం రాశారు. తేదీ కచ్చితంగా తెలిసిన పత్రాలను మాత్రమే తీసుకుని, ఈ ముక్కలోని అక్షరాల వంటివి రెండో శతాబ్దం చివరలోనూ మూడో శతాబ్దం మొదట్లోనూ కూడా దొరుకుతున్నాయని చూపించారు. ముక్క ఆలస్యపుదని ఆయన అనలేదు, ఇది చాలామంది సరిగా చదవరు. మొదటి సగం కావడానికి వీలుంది, 200 తరువాత కావడానికీ వీలుంది, కాబట్టి యోహాను సువార్త ఎప్పుడు రాశారన్న వివాదాన్ని తేల్చడానికి దీన్ని వాడుకోవద్దన్నారు. 2012లో పాస్క్వాలె ఓర్సీని, విల్లీ క్లారిస్ అనే ఇద్దరు లిపి నిపుణులు 125 నుంచి 175 మధ్య అని నిర్ణయించారు. మీరు నన్ను అడిగితే రెండో శతాబ్దం అంటాను, మూడో శతాబ్దపు మొదటి దశాబ్దాలకు కూడా తలుపు తీసి ఉంచుతాను. అంతకు మించి చెప్పమంటే చెప్పలేను.

'అతి పాతది' అన్న కిరీటం దీనికి ఉంటుందా అని అడిగేవారున్నారు. ఉండవచ్చు, పోవచ్చు. అదే 2012లో అమెరికాలో ఒక బహిరంగ చర్చలో మార్కు సువార్త ముక్క ఒకటి దొరికిందనీ, అది మొదటి శతాబ్దానిదనీ వేదిక మీద ప్రకటించారు. ఆరేళ్లు ప్రపంచం ఎదురుచూసింది. 2018లో ఆ ముక్క అచ్చయింది. అది గ్రెన్‌ఫెల్, హంట్‌లు ఆక్సిరింకస్‌లో తవ్వి తెచ్చిన సంచయంలోదే, వందేళ్లుగా ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉంది. ప్రచురించినవారు వేసిన కాలం రెండో శతాబ్దం చివర లేదా మూడో శతాబ్దం మొదలు. ఇప్పుడు దాన్ని పి 137 అంటున్నారు. మార్కు సువార్తకు సంబంధించి అది నిజంగా విలువైన పాత ముక్క. కానీ మొదటి శతాబ్దం అన్న మాట విని వచ్చినవారికి నిరాశే మిగిలింది.

ముందు వరుసలోంచి ఒకరు కార్బన్ పరీక్ష గురించి చీటీ పంపారు. మంచి ప్రశ్న. ఆ పరీక్షకు పదార్థంలో కొంత కాల్చాలి. ఇంత చిన్న ముక్కలో కొంత ఇవ్వడానికి ఏ గ్రంథాలయమూ సులువుగా ఒప్పుకోదు. ఒప్పుకున్నా వచ్చే ఫలితం ఒక సంవత్సరం కాదు, కొన్ని దశాబ్దాల నుంచి వందేళ్ల దాకా నిడివి ఉన్న అంచనా. మనకు ఇప్పుడున్న సందేహం కూడా దాదాపు అంతే. పైగా ఆ పరీక్ష చెప్పేది మొక్కను కోసిన కాలం, రాసిన కాలం కాదు. ఈ ముక్క ఫలానా కాలం కంటే పాతది కాదని తేల్చడానికి మాత్రం పనికొస్తుంది.

ఇంకొకరు, కొత్త ఆధారం ఎక్కడి నుంచి రావచ్చని అడుగుతున్నారు. ఎగర్టన్ ప్రతికి కొలోన్ ముక్క దొరికినట్టే దీనికీ తోబుట్టువు దొరకడానికి అవకాశం ఉంది. 130 పేజీల పుస్తకంలో మన దగ్గరున్నది ఒక ఆకులో ఒక మూల మాత్రమే. ఆక్సిరింకస్ పెట్టెల్లోనే ఇంకా చదవని ముక్కలు లెక్కలేనన్ని ఉన్నాయి. గ్రెన్‌ఫెల్‌కు మూట అమ్మిన వ్యాపారి అదే పుస్తకంలోని మరో ఆకును ఇంకెవరికైనా అమ్మి ఉండవచ్చు కూడా. పేజీకి 18 పంక్తులు, ఇదే చేతిరాత, యోహాను పాఠం, ఈ మూడూ కలిసిన ముక్క ఏ మ్యూజియంలో కనిపించినా వెంటనే పోల్చుకోగలం. యేసు పేరును ఈ లేఖకుడు కుదించాడా లేదా అన్న తగాదా అయినా ఆ రోజున తీరుతుంది.